మన ఊళ్ళో ప్రకృతి దారి ఎక్కడ తెగిందో మ్యాపులో పట్టుకోవడం ఎలా: గోదావరి డెల్టా ఊళ్ళ కోసం

ఊరి ప్రకృతి మ్యాపు గీద్దాం అనగానే చాలామంది చేసే మొదటి పని, శాటిలైట్ బొమ్మలో పచ్చగా కనిపించిన ప్రతిదానికీ పచ్చ రంగు, నీళ్ళు కనిపించిన ప్రతిచోటా నీలం రంగు వేసెయ్యడం. భీమవరం చుట్టూ అలా వేసుకుంటూ పోతే మ్యాపులో ఖాళీయే మిగలదు. వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెరువులు, కాలువలు, ఇన్ని ఉన్నచోట పిట్టకీ కప్పకీ ఏం తక్కువైందనిపిస్తుంది. అలాంటి మ్యాపు గోడకి తగిలించుకోవడానికి బావుంటుంది గానీ దాంతో ఏ పనీ జరగదు. డెల్టాలో తేలాల్సిన విషయం వేరే ఉంది: ఈ పచ్చటి చోటు నుంచి ఆ పచ్చటి చోటికి ఒక జీవి ప్రాణాలతో చేరగలదా, చేరలేకపోతే ఎక్కడ ఆగిపోతోంది? ఆ ఆగిపోయే చోట్లని గుర్తుపెట్టే మ్యాపు ఎలా తయారుచేసుకోవాలో ఇక్కడ చెప్తాను. కంప్యూటర్ మీద కొంచెం పని, గట్ల మీద చాలా నడక.

మనకి కలిసొచ్చే సంగతి ఏంటంటే దారులు కొత్తగా వేయక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో కాలువలు అల్లుకుంటూనే వచ్చాయి. పంట కాలువ నీళ్ళు తెస్తుంది, మురుగు కాలువ తీసుకెళ్తుంది, రెండిటికీ గట్లున్నాయి, గట్ల మీద చెట్లు, వాటి కింద తుంగ, జమ్ము. ఈ గీతలు పొలాల్లో ఆగిపోకుండా ఊళ్ళ మధ్య నుంచే పోతాయి. భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్, కాకినాడలో జగన్నాథపురం వంతెన కింద ఉప్పుటేరు, రాజమండ్రిలో ఆవ ఛానెల్, నల్లా ఛానెల్. ముక్కు మూసుకుని దాటేసే ఈ కాలువలే చాలా ఊళ్ళలో మిగిలిన ఒకే ఒక్క ప్రకృతి దారి. సింగపూర్ 1990ల నుంచి పార్కుల్ని ఒకదానికొకటి కలుపుతూ వస్తోంది, ఇప్పుడది 300 కిలోమీటర్లు దాటింది. అందులో చాలా భాగం వాళ్ళు వాడుకున్నది డ్రెయిన్ల పక్కన వదిలేసిన జాగానే. మన దగ్గర ఆ జాగా ఇంకా పూర్తిగా పోలేదు.

ముందు, ఎవరి కోసం గీస్తున్నాం?

ఇది తేల్చుకోకుండా కంప్యూటర్ తెరవకండి. పాలపిట్టకి ఆరు వరసల హైవే పెద్ద లెక్క కాదు, కప్పకి రెండు వరసల రోడ్డే చావు. ఒకరి దారి ఇంకొకరికి గోడ అవుతుంది. ధవళేశ్వరం దగ్గరే చూడండి, కొంగలకీ నీటికాకులకీ బ్యారేజీ కూర్చుని చేపలు పట్టుకునే అరుగు, సముద్రం నుంచి వరద నీటికి ఎదురీదుకుంటూ వచ్చే పులసకి మాత్రం అక్కడితో ఊరు అయిపోయింది.

మూడు నాలుగు జీవుల్ని ఎంచుకోండి, అంతకంటే వద్దు. మా వైపు ఊళ్ళకైతే నేను చెప్పేది ఇది: నేల మీద పోయేవాటికి కప్ప, చెట్ల మీద పోయేవాటికి ఉడుత, నీటి అంచుకి లకుముకి పిట్ట. కప్ప వానల్లో గుడ్లు పెట్టడానికి నీళ్ళ దగ్గరికి రావాలి, తర్వాత తడి గడ్డిలోకి తిరిగి పోవాలి, కాబట్టి దానికి నీళ్ళూ గట్టూ రెండూ కలిసి ఉండాలి. లకుముకి పిట్ట నీటి మీదకి వంగిన కొమ్మ మీదనుంచి చేపని చూస్తుంది, గూడు మాత్రం నిట్టనిలువుగా ఉన్న మట్టిగట్టులో బొరియ తవ్వి పెట్టుకుంటుంది. అంటే గట్టుకి సిమెంటు లైనింగ్ వేస్తే నీళ్ళున్నా చేపలున్నా దానికి ఇల్లు లేనట్టే. ఇంత చిన్న విషయం తెలిస్తేనే నడకలో ఏం చూడాలో తెలుస్తుంది. పెద్ద గబ్బిలాల్ని పెట్టుకుందాం అంటారు కొందరు. అవి రాత్రికి ఎన్నో కిలోమీటర్లు ఎగిరిపోతాయి, తెగిన దారి చూపించడానికి పనికిరావు. మర్రి, రావి లాంటి పెద్ద చెట్లు ఎక్కడ మిగిలాయో చూపించడానికి పనికొస్తాయి, అది వేరే పొర (ఒక్కో సంగతిని విడిగా గీసుకుని మ్యాపులో ఒకదానిమీద ఒకటి పెట్టుకునే లేయర్).

కాకినాడ వాళ్ళయితే ఇంకొకటి కలుపుకోవాలి, బావురుపిల్లి. 1978లో ఏర్పాటైన కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, కాకినాడకి ఆనుకునే ఉంది. ఈ పిల్లి మడ అడవుల్లో, పాయల్లో ఈదుతూ చేపలు పడుతుంది, అభయారణ్యం హద్దు రాయి చూసి ఆగదు. పాయ ఒడ్డున కాస్త పొద ఉందా, వంతెన కింద నడిచే పొడి నేల ఉందా అన్నది దానికి ముఖ్యం.

పునాది మ్యాపు

క్యూజిఐఎస్ అనే మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. అందులోకి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపు తెచ్చుకుంటే రోడ్లు, రైలు పట్టాలు, పెద్ద కాలువలు వచ్చేస్తాయి. మొదట్లోనే ఒక సెట్టింగ్ మార్చుకోవాలి, ప్రాజెక్టు కొలతల పద్ధతిని (సీఆర్‌ఎస్) యూటీఎం 44 ఉత్తర జోన్‌కి పెట్టండి, దూరాలు లెక్కగట్టే పొరల్ని కూడా అదే జోన్‌లోకి మార్చుకుని (రీప్రాజెక్ట్) దాచండి. మన డెల్టా మొత్తం ఆ జోన్‌లోకే వస్తుంది. ఇది పెట్టకపోతే దూరాలన్నీ మీటర్లలో కాకుండా డిగ్రీల్లో వస్తాయి, తర్వాత ఎందుకిలా వచ్చిందని తల పట్టుకోవాలి.

చిన్న బోదెలు (పొలాల మధ్య పిల్ల కాలువలు) ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చాలావరకు ఉండవు. వాటికి గ్రామ నక్షా కావాలి. మీభూమి పోర్టల్‌లో గ్రామ పటాలు, ఎఫ్‌ఎంబీలు (సర్వే నంబరువారీ కొలతల పటాలు) చూడొచ్చు, వార్డు సచివాలయంలో అడిగినా దారి చెప్తారు. నక్షాలో కాలువ పోరంబోకు, చెరువు పోరంబోకు, బాట అని సర్వే నంబర్లతో సహా ఉంటాయి. దాన్ని స్కాన్ చేసి, క్యూజిఐఎస్‌లో జియోరెఫరెన్సర్ అనే పనిముట్టుతో నాలుగైదు తెలిసిన పాయింట్లు (గుడి, లాకులు, పాత వంతెన, మూడు ఊళ్ళ సరిహద్దు రాయి) కలిపి శాటిలైట్ బొమ్మ మీద కూర్చోబెట్టాలి. కొంచెం ఓపిక కావాలి. కానీ నక్షా మీద నీలం గీత ఉండి శాటిలైట్ బొమ్మలో అదే చోట అపార్ట్‌మెంట్ ఉంటే, మీ పనిలో సగం అక్కడే తేలిపోతుంది.

గూగుల్ ఎర్త్ ప్రో కూడా వేసుకోండి, పాత సంవత్సరాల బొమ్మలు వెనక్కి జరిపి చూడొచ్చు. పొలం వెంచర్ అయినప్పుడు ముందుగా పోయేది పంట బోదె. రోడ్లు గీస్తారు, ప్లాట్లు గీస్తారు, బోదెని పూడ్చి దానిమీద ముప్ఫై అడుగుల రోడ్డు వేస్తారు. ఇరవై ఏళ్ళ కిందటి బొమ్మ పక్కన ఇప్పటి బొమ్మ పెట్టి, పోయిన ప్రతి బోదెనీ ఎర్ర చుక్కల గీతగా గీయండి. మొత్తం పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించే పొర ఇదే, కారణం కింద చెప్తాను.

మే నెల బొమ్మ తీసుకోండి

శాటిలైట్ బొమ్మకి యూరప్ వాళ్ళ సెంటినెల్-2 చాలు. ఒక్కో చుక్క 10 మీటర్లు, అయిదు రోజులకోసారి కొత్త బొమ్మ, డబ్బులు అక్కర్లేదు, కోపర్నికస్ బ్రౌజర్‌లో మెయిల్ ఐడీతో లాగిన్ అయితే దించుకోవచ్చు. ఇస్రో వాళ్ళ మ్యాపు సైటు భువన్ కూడా పక్కన తెరిచి పెట్టుకోండి.

పచ్చదనం కొలవడానికి ఎన్‌డీవీఐ అని ఒక లెక్క ఉంది. ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. పరారుణ కాంతి అంకె (బ్యాండ్ 8) లోంచి ఎర్ర కాంతి అంకె (బ్యాండ్ 4) తీసేసి, రెండిటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె ఒకటికి ఎంత దగ్గరైతే అక్కడ అంత దట్టంగా ఆకు ఉన్నట్టు. ఇదంతా ఎక్కడైనా దొరికే పాఠమే. మన దగ్గర తేడా కొట్టేది తేదీ. సెప్టెంబరులో చూస్తే సార్వా వరి, ఫిబ్రవరిలో చూస్తే దాళ్వా వరి, చెట్టూ చేనూ ఒకే పచ్చ. పైగా వానాకాలమంతా మబ్బులు. దాళ్వా కోతలైపోయి కాలువలు కట్టేశాక (నీళ్ళు వదలడం ఆపేశాక) మే నెలలో చూడండి. చేలు ఎండి మట్టిరంగుకి తిరుగుతాయి, అప్పటికీ పచ్చగా మిగిలింది చాలావరకు చెట్టే. అక్కడక్కడ మినుము, పెసర, జనుము ఉంటాయి, వాటిని నేల మీద చూసి తీసేయొచ్చు. అదే సమయంలో నీళ్ళు ఎక్కడ మిగిలాయో కూడా చూడండి (బ్యాండ్ 3, బ్యాండ్ 8తో ఎన్‌డీడబ్ల్యూఐ అని ఇలాంటిదే ఇంకో లెక్క ఉంది). కాలువలు కట్టేసిన రోజుల్లో కూడా నీళ్ళున్న మడుగు, గుడి కోనేరు, మంచినీళ్ళ చెరువు, ఇవే ఆ నెలంతా అన్ని ప్రాణుల్నీ బతికించేవి. వీటికి మ్యాపులో ప్రత్యేకమైన గుర్తు పెట్టండి. ఒక్క మే నెల బొమ్మ మీదే ఆధారపడకుండా మూడేళ్ళ మే నెలలు తీసుకుంటే ఇంకా నమ్మకం.

ఎంత అంకె పైన ఉంటే చెట్టు అనుకోవాలి అని అడుగుతారు. అందరికీ ఒకే అంకె లేదు. మీకు బాగా తెలిసిన ఒక తోపు, ఒక ఖాళీ స్థలం, ఒక గడ్డి మైదానం మీద మౌస్ పెట్టి అంకెలు చూసుకుని మీ ఊరికి సరిపోయే గీత మీరే గీసుకోండి.

నీలం అంతా నీళ్ళు కాదు

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వాళ్ళకి ఇది చాలా ముఖ్యం. పైనుంచి చూస్తే చేపల చెరువూ రొయ్యల చెరువూ ఊరి చెరువూ అన్నీ నీలమే. కానీ ఆక్వా చెరువు గట్టు గీసినట్టు తిన్నగా ఉంటుంది, మీద పిట్టలు వాలకుండా తీగలో వలలో కడతారు, మందులు కొడతారు, పట్టుబడి కాగానే నీళ్ళు తోడేస్తారు. రైతు తప్పు కాదిది, నీటికాకుల గుంపు వాలితే అప్పు తీరదు మరి. మ్యాపులో మాత్రం వాటిని వేరే రంగులో వేయాలి. ఆకారం చూసి చాలావరకు గుర్తుపట్టొచ్చు: చదరంగా, పక్కపక్కనే, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటే తెల్లటి నురగ చారలు. ఊరి చెరువుకి అంచులు వంకర్లు పోతాయి, ఒక మూల జమ్ము ఉంటుంది, ఇంకో మూల రావిచెట్టు.

ఆక్వా చెరువుల్ని పూర్తిగా సున్నా కూడా చేయకండి. రెండు చెరువుల మధ్య వెడల్పాటి గట్టు మీద కొబ్బరీ, గడ్డీ ఉంటే అది దారే. చెరువు ఎండగట్టిన రోజుల్లో బురదలో కొంగలు చేరతాయి. దానికి ‘ఒక్కోసారి’ అనే వర్గం పెట్టుకోవడం మేలు. వరిచేనుకి కూడా అదే.

కొబ్బరితోట గురించీ ఒక మాట. కోనసీమలో పైనుంచి చూస్తే అడవి అనిపిస్తుంది. కింద శుభ్రంగా దున్ని పెట్టిన తోటకీ, కోకో, అరటి, కంద వేసి పైన కొబ్బరి ఉన్న తోటకీ చాలా తేడా. శాటిలైట్‌కి ఆ తేడా తెలియదు. దానికి కాళ్ళతో వెళ్ళాల్సిందే.

గట్టు మీద నడక

ఇక్కడిదాకా ఇంట్లో కూర్చుని చేసింది సగం పని కూడా కాదు. క్యూఫీల్డ్ అనే యాప్ వేసుకుంటే మీ మ్యాపు ఫోన్‌లోకి వస్తుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది, నిలబడిన చోటే గుర్తు పెట్టి ఫొటో జోడించొచ్చు. యాప్‌లు పడని వాళ్ళు ఏ3 కాగితం మీద ప్రింటు తీసుకుని పెన్నుతో గీయండి, నిజానికి గుంపుగా వెళ్ళినప్పుడు కాగితమే సుఖం, నలుగురూ ఒకేసారి వంగి చూడొచ్చు, వాదించుకోవచ్చు.

కాలువ వెంట నడుస్తూ ఏం రాయాలి? గట్టు ఎన్ని అడుగులు మిగిలింది, మట్టిగట్టా సిమెంటు గోడా, చెట్లేంటి, ఒక చెట్టు కొమ్మకీ తర్వాతి చెట్టు కొమ్మకీ ఎంత ఎడం, కింద తుంగ జమ్ము ఉన్నాయా లేక గుర్రపుడెక్క మొత్తం కప్పేసిందా, రాత్రి లైట్లు నేరుగా నీళ్ళ మీద పడుతున్నాయా. సిమెంటు గోడ ఉంటే దాంట్లో ఎక్కడైనా ఏటవాలుగా దిగే మెట్లో ర్యాంపో ఉన్నాయా చూడండి. కప్పో తాబేలో అందులో పడితే ఎక్కి వచ్చే దారి అదొక్కటే. చాకిరేవు మెట్లు, పాత స్నానాల రేవులు ఈ లెక్కలో చాలా విలువైనవి, వాటిని పడగొట్టి గోడ నున్నగా చేసి బాగుచేశాం అనుకుంటారు.

కల్వర్టుల దగ్గర ఆగండి, తొందరపడకండి. ప్రతి కల్వర్టూ, ప్రతి తూమూ ఒక తలుపు. వెడల్పు ఎంత, వానాకాలంలో నిండా నీళ్ళు పోతే పక్కన నడవడానికి పొడి అంచు మిగులుతుందా, ఆ చివర వెలుతురు కనిపిస్తోందా, చెత్త పేరుకుని మూసుకుపోయిందా, అవతలి వైపు నీళ్ళు అడుగు లోతుకి దూకుతున్నాయా. అలా దూకితే చేపపిల్ల వెనక్కి ఎక్కలేదు. రైలు కట్ట కింద పాత కల్వర్టుల్ని అస్సలు వదలకండి. భీమవరం లాంటి జంక్షన్‌లో పట్టాలు ఊరిని ముక్కలు చేస్తాయి, ఆ ముక్కల్ని కింద నుంచి కలిపేది ఈ చిన్న కల్వర్టులే.

జనాన్ని అడగండి. గట్టు మీద టీ బడ్డీ దగ్గర కూర్చున్న పెద్దాయన్ని, ‘బాబాయ్ గారూ, ఈ బోదె ముందు ఎటు పోయేదండీ?’ అంటే మ్యాపులో లేనిది చెప్తారు, ‘ఆయ్, ఆ ఫంక్షన్ హాలు కిందనుంచేనండి, అవతల చెరువులో పడేది’ అని. వలలేసేవాళ్ళకి ఏ మలుపులో ఏ చేప దొరుకుతుందో, ఎప్పట్నుంచి దొరకడం మానేసిందో తెలుసు. పారిశుధ్య కార్మికులకి ఏ తూము ఎప్పుడు మూసుకుంటుందో తెలుసు. పాములు పట్టేవాళ్ళ ఫోన్‌కి ఏ వీధుల నుంచి ఎక్కువ కాల్స్ వస్తాయో కనుక్కోండి, దారి తెగిన చోట పాము ఇళ్ళ మధ్యకి తిరిగే అవకాశం ఉంది.

గట్ల మీద ఇళ్ళు వేసుకుని ఉన్నవాళ్ళ సంగతి జాగ్రత్తగా చూడండి. మీ మ్యాపులో ఆ ఇళ్ళని ‘ఆక్రమణ’ అని రాయకండి. రేపు ఎవరో ఆ కాగితం పట్టుకుని పేదవాళ్ళ గుడిసెలు తీసేసి పక్కనే ఉన్న కల్యాణ మండపం జోలికి పోకుండా వస్తారు. ‘గట్టు వెడల్పు తక్కువ’ అని రాస్తే మీ లెక్కకి చాలు. చాలాచోట్ల ఆ ఇళ్ళ ముందున్న మునగ, వేప, బాదం చెట్లే ఆ గట్టు మీద మిగిలిన నీడ.

ఇంకో జాగ్రత్త: కొంగలు గూళ్ళు పెట్టే చెట్టు, నీటికుక్కల బొరియ, బావురుపిల్లి కనిపించిన చోటు, ఇవి మీ ఫైల్లో ఉంచుకోండి, అందరికీ పంచే మ్యాపులో పెట్టకండి. వాట్సాప్ గ్రూపులో లొకేషన్ పెట్టిన మర్నాడు అక్కడికి కెమెరాలే వస్తాయని లేదు, ఉచ్చులూ రావచ్చు. పిట్టల లెక్కలకి ఈబర్డ్, మిగతా జీవులకి ఐనాచురలిస్ట్ అనే యాప్‌లు వాడితే అవి ముప్పులో ఉన్న కొన్ని జాతుల చోటుని వాటంతటవే మరుగు పరుస్తాయి, అన్నిటినీ కాదు. మీకంటే ముందు మీ ఊళ్ళో ఎవరేం చూశారో కూడా అందులో వెతకొచ్చు.

తెగిన చోటు లెక్క తేల్చడం

ఇప్పుడు చెట్ల పొర తీసుకోండి. ఉడుతకి ఎంత ఎడం దాటడం ఇబ్బంది అనేది ముందు ఒక ఊహతో మొదలుపెట్టండి, 50 మీటర్లు అనుకుందాం. క్యూజిఐఎస్‌లో బఫర్ అనే పనిముట్టుతో ప్రతి చెట్ల గుంపు చుట్టూ 25 మీటర్ల వలయం గీయండి. రెండు వైపుల నుంచీ 25 కాబట్టి, 50 మీటర్ల లోపు ఎడం ఉన్న గుంపుల వలయాలు కలిసిపోతాయి, అంతకంటే దూరమైనవి విడిగా ఉంటాయి. తర్వాత డిజాల్వ్ కొట్టి, ఆ మీదట ‘మల్టీపార్ట్ టు సింగిల్‌పార్ట్స్’ కొడితే కలిసినవన్నీ ఒక్కో ముక్క అవుతాయి. ముక్కకో రంగు వేయండి. ఊరు ఎన్ని ముక్కలైందో అక్కడికక్కడే కనిపిస్తుంది. 50 బదులు 30, 100 పెట్టి మళ్ళీ చూడండి. అంకె మార్చినా మారకుండా విడిగానే ఉండిపోయే చోట్లు నిజంగా తెగినవి. కొంచెం మార్చగానే కలిసిపోయేవి నాలుగు మొక్కలతో అతికే చోట్లు. ఈ రెండో రకం మీద ముందు పని పెట్టుకోండి, ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా కనిపిస్తుంది.

కప్పకి ఇలా వలయాలు చాలవు, మధ్యలో ఏముందన్నది ముఖ్యం. దానికి ప్రతి రకం నేలకీ ఒక కష్టం అంకె ఇవ్వాలి. తడి గడ్డి 1, వరిచేను 2, ఎండు ఖాళీ స్థలం 20, వీధి 40, పెద్ద రోడ్డు 90, నిలువు గోడ 100, ఇలా. ఈ అంకెలు నేను ఉదాహరణకి వేసినవి, మీవి మీరు వేసుకోండి, వేసి ఎందుకు వేశారో పక్కన రాసుకోండి. తర్వాత క్యూజిఐఎస్‌లోనే ఉన్న గ్రాస్ పనిముట్లు ఒక చోటు నుంచి ఇంకో చోటికి తక్కువ కష్టంతో పోయే దారి గీసిస్తాయి. నిజానికి లక్ష జనాభా ఊరికి ఇంత దూరం పోనక్కర్లేదు. నడక సరిగ్గా నడిచి, బఫర్ సరిగ్గా గీస్తే చాలు. రాజమండ్రి, కాకినాడ లాంటి చోట్ల కాలేజీ పిల్లలు ప్రాజెక్టుగా చేస్తే బావుంటుంది.

జనం పొర

కార్పొరేషన్‌లో కప్ప దారి తెగిందని చెప్తే నవ్వుతారు. అక్కడే పోయిన బోదెల ఎర్ర చుక్కల గీతలు బయటికి తీయాలి. వాన పడ్డాక మీ ఊళ్ళో మోకాలి లోతు నీళ్ళు నిలిచే వీధులు గుర్తుపెట్టండి, ఫొటోలు వాట్సాప్‌లో అందరి దగ్గరా ఉంటాయి. ఆ పొరని బోదెల పొర మీద పెట్టండి. డెల్టా నేల బల్లపరుపు, వాలు చాలా తక్కువ, బోదె పూడితే నీళ్ళకి ఇంకో దారి దొరకదు. అందుకని నీళ్ళు నిలిచే చోటూ, పూడిన బోదె చోటూ, కప్ప ఆగిపోయిన చోటూ చాలాసార్లు ఒకటే అయ్యి కూర్చుంటాయి. ఆ ఒక్క కాగితం చూపిస్తే కౌన్సిలర్ గారు కూర్చోమంటారు.

ఎండ కూడా అంతే. 2021లో ఒక డచ్ నిపుణుడు ప్రతిపాదించిన 3-30-300 కొలత సులువుగా ఉంటుంది: ఇంటి నుంచి మూడు చెట్లు కనపడాలి, వార్డులో 30 శాతం మీద చెట్ల గొడుగు ఉండాలి, 300 మీటర్లలో ఒక పార్కో పచ్చటి చోటో ఉండాలి. మన ఊళ్ళ మధ్యలో 30 శాతం కలగానే అనిపించొచ్చు. అందుకే ముందు స్కూళ్ళు, అంగన్‌వాడీలు, బస్ స్టాపులు, రైతుబజారు మ్యాపులో పెట్టి, వాటికి నడిచే దారుల్లో చెట్ల వరస ఎక్కడ తెగిందో చూడండి. ఉడుతకి అతకాల్సిన చోటు, పిల్లలు ఎండలో నడిచే చోటు ఒకటైతే మొదటి మొక్క అక్కడ. పొలం అంచు దాకా దారి అతికితే పైడికంటెలూ గుడ్లగూబలూ ఊరి చెట్ల నుంచి చేలమీదకి వెళ్ళి ఎలకల పని పడతాయి, దాళ్వా రైతుకి ఆ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

అతకడం, అతకకపోవడం

కాలువ గట్టుకి గానుగ, నేరేడు, ఏరుమద్ది, వేప. గోడలకి దూరంగా చోటుంటే రావి, మర్రి. కడియం నర్సరీలు మన పక్కనే ఉన్నాయి, కానీ అక్కడ ముందు కనిపించేవి అలంకారానికి తెచ్చిన విదేశీ మొక్కలు. కోనోకార్పస్ త్వరగా పెరుగుతుందని అంటగట్టబోతారు, వద్దని చెప్పి మన మొక్కలు ముందుగా ఆర్డర్ పెట్టండి, పెంచిస్తారు. కరెంటు తీగల కింద పొట్టి రకాలు పెట్టండి, లేకపోతే ఏటా నరికేస్తారు, మీ వరస మళ్ళీ తెగుతుంది. గట్టు మీద జేసీబీ తిరగడానికి ఒక వైపు ఖాళీ వదలండి, పూడిక తీసే వాళ్ళతో గొడవ ఉండదు. రెండు వైపులా ఒకే ఏడాది పూడిక తీయకుండా ఈ ఏడు ఒక వైపు, వచ్చే ఏడు రెండో వైపు తీయమని అడగడం అన్నిటికంటే చౌకైన పని, దీనికి మొక్క కూడా అక్కర్లేదు.

కనపడిన ప్రతి ఖాళీనీ నింపకండి. కాకినాడ వైపు బురద మేటల మీద చలికాలం వచ్చే ఉల్లంకి పిట్టలకి ఆ ఖాళీ బురదే అన్నం, దాంట్లో మడ మొక్కలు నాటితే వాటి నోట మట్టి కొట్టినట్టు. లంకల్లో ఇసుక తిన్నెలూ అంతే. ఉప్పునీటి పాయనీ మంచినీటి కాలువనీ కలిపేస్తే చేలకి చేటు. ఇంకొకటి, దారి తెరిస్తే మంచివే రావు. మన కాలువల్లోకి చేరిన దెయ్యం చేప (విదేశీ సక్కర్ చేప) ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి ఇలాగే పాకింది. రెండు నీటివనరుల్ని కలపమని రాసే ముందు రెండిట్లోనూ ఏముందో చేపలు పట్టేవాళ్ళని అడిగి రాయండి.

మ్యాపు ఎవరి చేతికి

మూడు చోట్లకి ఇవ్వండి. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీకి ఒక కాపీ, బోదెల సర్వే నంబర్లు ముందే ఆయన దగ్గరుంటే పూడ్చక ముందే అడ్డుపడొచ్చు. పెద్ద కాలువల మీద అధికారం చాలావరకు మున్సిపాలిటీది కాదు, పంట కాలువ ఇరిగేషన్ వాళ్ళది, మురుగు కాలువ డ్రైనేజీ విభాగానిది, ఆ ఇంజనీర్లకి ఒకటి. మూడోది జీవవైవిధ్య యాజమాన్య కమిటీకి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకీ అలాంటి కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ ఊరి కమిటీ కాగితం మీదే ఉందో, మనుషులున్నారో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి, మీ మ్యాపు ఆ రిజిస్టరులో చేర్చమని అదే చేత్తో రాయండి.

మాస్టర్ ప్లాన్ మారుతున్నప్పుడు అభ్యంతరాలకి గడువు ఇస్తారు, అది పేపర్లో చిన్న ప్రకటనగా వస్తుంది. ఆ వారంలో మ్యాపు గీయడం మొదలుపెడితే కుదరదు. ముందే ఉంటే ఒక్క పేజీ చాలు: సర్వే నంబరు, నక్షాలో ఏమని ఉంది, ఇప్పుడేముంది, నీళ్ళు నిలిచిన ఫొటో, మనం అడిగేది ఏంటి. కల్వర్టు వెడల్పు ఎన్ని అడుగులు కావాలో, గట్టు ఎన్ని అడుగులు వదలాలో అంకె వేసి అడగండి, పర్యావరణాన్ని కాపాడాలి అని రాస్తే ఎవరికీ ఏం చేయాలో తెలియదు.

కాలువలు కట్టేసిన ప్రతి మే నెలా మళ్ళీ ఒక నడక పెట్టుకోండి. అడుగు కనిపించే రోజులవి, తూములూ పగుళ్ళూ అప్పుడే తెలుస్తాయి. పాత ఫైల్ మీదే దిద్దకుండా సంవత్సరం పేరుతో కొత్తది దాచండి, ఏ గట్టు ఏ ఏడాది పోయిందో రెండు ఫైళ్ళు పక్కపక్కన పెడితే చూపించొచ్చు, నీళ్ళు వదలడానికి ముందే ఇంజనీర్ల దగ్గరికి పట్టుకెళ్ళొచ్చు.